ముక్కు మేస్త్రి టీ కేకలు

ముక్కు మేస్త్రి అంటే ఆ వీధిలో కారున్న ప్రతివాడికీ తెలుసు. అసలు పేరు అడిగితే మాత్రం తల గోక్కుంటారు. అలాగని ఆయన ముక్కు మరీ పెద్దదేమీ కాదు, వంకరా కాదు. చూడ్డానికి మీ ముక్కూ నా ముక్కూ లాంటిదే. పనితనమే వేరు. బానెట్ లేపి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని ఇంజను మీదికి వంగేవాడు. ఒక్కసారి గాలి లోపలికి పీల్చేవాడు. "పంపు దగ్గర" అనో, "ఫిల్టరుకి కింది వైపు" అనో చెప్పేవాడు. అక్కడ వేలు పెడితే తడి తగలాల్సిందే. ముప్పై ఏళ్ళుగా ఆ మాటకి తిరుగులేదు.

ఆయన చేసేది పాత కార్ల పనే. కొత్త కార్లంటే ఆయనకి చిరాకు. బానెట్ లేపితే పైనంతా ప్లాస్టిక్ మూత, చూడ్డానికి ఏమీ ఉండదు, వాటికి బానెట్ ఎందుకు పెట్టారో అంటాడు. పాత కారు అలా కాదు, అన్నీ బయటికే కనబడతాయి. ట్యాంకు నుంచి ఇంజనుదాకా పెట్రోలు రబ్బరు గొట్టాల్లోంచి వస్తుంది. గొట్టం అతుక్కునే ప్రతి చోటా స్క్రూతో బిగించే ఇనప రింగొకటి ఉంటుంది. దాన్నే క్లాంపు అంటారు. గొట్టానికి వయసు మీదపడితే గట్టిపడి, అంచుల్లో పగుళ్ళిస్తుంది. క్లాంపు వదులైతే పెట్రోలు కారుతుంది కదా అని బలం కొద్దీ బిగిస్తే అదే క్లాంపు రబ్బరుని కోసేస్తుంది. ఇంకో తంటా ఉంది. వేడి ఇంజను మీద కారిన పెట్రోలు చుక్కై కింద పడేలోపే ఆవిరైపోతుంది. కంటికి ఆనదు. వాసనొక్కటే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని కూడా పట్టించుకోకపోతే ఎక్కడో ఒక నిప్పురవ్వ రేగితే చాలు, కారు మొత్తం బుగ్గైపోతుంది. అందుకే ఆ ముక్కుకి అంత గిరాకీ.

ఆ ముక్కు గొప్పతనం ఆయన భార్యకి పెళ్ళినాడే తెలిసొచ్చింది. పెళ్ళయ్యాక కొత్త దంపతులు అద్దె కారెక్కారు. కారు వీధి మలుపు తిరిగిందో లేదో పెళ్ళికొడుకు "ఆపండి, అందరూ దిగండి" అని గావుకేక పెట్టాడు. కొత్త పెళ్ళికూతుర్ని నడిరోడ్డు మీద నిలబెట్టి, కోటు విప్పి ఆమె చేతిలో పెట్టి, బానెట్ లోపలికి దూరాడు. నిజంగానే గొట్టం చిరిగి ఉంది. ఊరంతా శభాష్ అంది. పెళ్ళికూతురు మాత్రం కొత్త చెప్పులు కరుస్తుండగా మిగతా దారంతా నడిచింది. "ఆ రోజు ఈయన నా మొహం చూడలేదు, బానెట్ మొహం చూశాడు" అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్విస్తుంది. ఆయనా నవ్వేస్తాడు. అదేదో తన గొప్పే అనుకుంటాడు.

అంతటి ముక్కు పోయిన చలికాలంలో చచ్చిపోయింది.

జలుబు చేసింది. అందరికీ చేసేదే. వారం పది రోజులు తుమ్మాడు, చీదాడు, ఆవిరి పట్టాడు. జలుబు పోయింది, వెళ్తూ వెళ్తూ వాసనని కూడా మూట కట్టుకుపోయింది. ఆ సంగతి ఆయనకి ఒక టాక్సీ బానెట్ మీద వంగినప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకుని పీల్చాడు. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాడు. చల్లగాలి లోపలికి పోయింది, వచ్చింది, అంతే. పెట్రోలు లేదు, నూనె లేదు, పాత రబ్బరు లేదు. బావుంది కాబోలు అనుకుని బానెట్ మూయబోతున్నాడు. పెరట్లో దండెం మీద బట్టలు తీయడానికి వచ్చిన భార్య ముక్కు నొక్కుకుంది.

"అబ్బబ్బ! ఏంటండీ ఈ పెట్రోలు కంపు! తల దిమ్మెక్కిపోతోంది."

మేస్త్రి మూయబోయిన బానెట్ మళ్ళీ లేపాడు. వేలు పెట్టి తడిమితే పంపు కింద గొట్టం తడిసి ముద్దైంది. టాక్సీవాడు మాత్రం "మేస్త్రీ, ఇంకా చెప్పలేదేంటి?" అని పళ్ళికిలిస్తున్నాడు. "పంపు దగ్గర" అన్నాడు మేస్త్రి, గొంతు సవరించుకుని.

ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు ముక్కులోకి లైటేసి చూసి, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టడానికి ఇదేమైనా పంటి నొప్పా? ముక్కు పోయిన ముక్కు మేస్త్రి దగ్గరికి ఎవడొస్తాడు? వాసన తెలియదని బయటికి పొక్కితే ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో మంటగలిసిపోతుంది. ఆ భయంతో ఆయన పెళ్ళాం దగ్గర కూడా నోరు మెదపలేదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. ఉపాయం ఆవిడ ముక్కే.

షెడ్డు ఇంటి వెనకే ఉంది. వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. అంతకు ముందు ఆయన పొద్దునా సాయంత్రం మాత్రమే టీ తాగేవాడు. ఇప్పుడు బానెట్ లేచిందంటే చాలు, కేక వినబడేది.

"ఏమేవ్, టీ!"

ఆవిడ కప్పు పట్టుకుని వచ్చేది. ఆయన కప్పందుకుని, బానెట్ పక్కనే నిలబడి, ఆవిడ మొహంలోకి కన్నార్పకుండా చూసేవాడు. ముక్కుపుటాలు కాస్త ముడుచుకున్నాయా, ఎక్కడో చెమ్మ ఉన్నట్టు. ముక్కు నొక్కుకుందా, ధారగా కారుతున్నట్టు. మామూలుగా నిలబడి కబుర్లు చెబుతోందా, బండి భేషుగ్గా ఉన్నట్టు. ఇంకేముంది, కళ్ళు మూసుకుని వంగి, పీల్చినట్టు నటించి, తీర్పు చెప్పేసేవాడు. ఎక్కడ కారుతోందో మాత్రం తర్వాత గుట్టుగా వేళ్ళతో తడిమి కనిపెట్టేవాడు. బండ్లు ఎక్కువొచ్చిన రోజున టీలు తాగలేక పొట్ట గుడగుడలాడేది.

"అది కడుపా, రేడియేటరా?" అనేది ఆవిడ.

అంటూనే మళ్ళీ నీళ్ళు పెట్టేది. మొదట్లో విసుక్కుంది. తర్వాత విసుగు పోయింది. ఒకరోజు అడిగేసింది కూడా.

"ఏంటండీ, అలా గుడ్లప్పగించి చూస్తారు?"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం తడబడ్డాడు. "ఏం, చూడకూడదా?" అన్నాడు తప్పించుకోవడానికి.

పాపం, ఆయన తప్పించుకోవడానికే అన్నాడు. ఆవిడ చెవికి అదెలా వినబడిందో ఆయనకేం తెలుసు! వాసన పోతే రుచీ పోతుంది కదా. ఇన్నేళ్ళూ కూరలో ఉప్పు దగ్గర్నుంచి పోపు దాకా వంకలు పెట్టిన మనిషి, ఇప్పుడు అడుగంటిన కూర వడ్డించినా "బావుందే" అని తినేసి లేస్తున్నాడు. రోజుకి పదిసార్లు పిలుస్తున్నాడు. పిలిచి మొహంలోకే చూస్తున్నాడు. "ఈయనకేదో అయిందే, మంచే అయిందిలే" అని ఆవిడ వాళ్ళ చెల్లెలికి ఫోనులో చెప్పి నవ్వుకుంది. బీరువా అడుగున ఏళ్ళ తరబడి పడున్న నీలిరాళ్ళ కమ్మలు ఆ వారంలోనే బయటికొచ్చాయి. టీ పట్టుకుని షెడ్డులోకి వచ్చే ముందు కిటికీ అద్దంలో జుట్టు సర్దుకోవడం కూడా మొదలైంది. మేస్త్రి అవేవీ చూడలేదు. ఆయన చూపంతా ఆ రెండు కమ్మలకీ మధ్యలో ఉన్న ముక్కు మీదే.

ఇలా చలికాలం వెళ్ళిపోయి ఎండలొచ్చాయి. బండి సాఫీగా సాగిపోతోంది. అప్పుడొచ్చింది అక్క.

మేస్త్రి అక్క లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. మాటలో కరుకు, చేతిలో స్టీరింగు. ఆవిడ కారు మీగడ రంగులో ఉంటుంది. దానికి మేస్త్రి పెళ్ళి కన్నా ఎక్కువ వయసు. అక్క దాన్ని "పిల్ల" అంటుంది. ఆ ఆదివారం పొద్దున్నే పిల్ల రొప్పుకుంటూ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. లోపల అక్క స్నేహితురాళ్ళు ఇద్దరు, నల్ల కళ్ళద్దాలూ వెడల్పాటి టోపీలూ పెట్టుకుని కూర్చున్నారు.

"ఒరేయ్ తమ్ముడూ, సముద్రం దాకా పోతున్నాం. ఓసారి ముక్కు పెట్టు" అంది అక్క.

"అంత దూరం ఈ ముసల్దాన్నేసుకుని ఎందుకక్కా?"

"నన్నంటున్నావా, కారునంటున్నావా?"

టోపీలు రెండూ కిలకిలా నవ్వాయి. మేస్త్రి బానెట్ లేపాడు. ఇంజను నడుస్తూనే ఉంది, సెగ మొహాన కొట్టింది. "ఏమేవ్, అందరికీ టీ!" అని కేకేశాడు. ఆవిడ ట్రే పట్టుకుని వచ్చింది. కళ్ళలో కాస్త నీళ్ళున్నట్టున్నాయి, ముక్కు కొస ఎర్రగా ఉంది. ఇవన్నీ మేస్త్రి చూశాడు, పట్టించుకోలేదు. ఆయనకి కావలసింది ముక్కు ముడుచుకుందా లేదా అన్నదొక్కటే. ముడుచుకోలేదు. ఆవిడ బానెట్ మీదికి వంగి మరీ కప్పందించి, నిండుగా నవ్వింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు, వంగాడు, పీల్చాడు.

"బ్రహ్మాండంగా ఉందక్కా. నిశ్చింతగా పో."

అక్క ఏదో అనబోయి ఆగిపోయింది. కప్పు ఖాళీ చేసి, హారను మోగించుకుంటూ వెళ్ళిపోయింది.

మేస్త్రి స్పానర్లు తుడుచుకుంటూ తలెత్తేసరికి వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ వస్తోంది. భార్య వెనక గుమ్మంలోనే, వంటింటికి వీపు పెట్టి కూర్చుని, తాపీగా చిక్కుడుకాయలు తుంపుతోంది. ఒక్క అంగలో లోపలికి దూకి పొయ్యి ఆపాడు. పాలగిన్నె బొగ్గైపోయింది.

"ఏంటే ఇది! మాడు వాసన రాలేదూ?"

"అయ్యయ్యో! ఎక్కడొస్తుందండీ!" అంది ఆవిడ, చేతిలో కాయలన్నీ కింద పోసుకుంటూ. "నిన్నట్నుంచి ముక్కు దిబ్బడేసి చస్తున్నాను. గులాబీ అత్తరుకీ మీ గ్రీజు గుడ్డకీ తేడా తెలియట్లేదు."

మేస్త్రి లెక్క వేసుకున్నాడు. నిన్నట్నుంచి. నిన్న శనివారం, షెడ్డుకి వారం సెలవు. ఆ ముక్కుని నమ్ముకుని పంపించింది ఒక్క అక్క కారునే.

"అవునూ, మీరక్కడే ఉన్నారు కదా, మీకు రాలేదా?" అంటోంది ఆవిడ. ఆయన వినడం లేదు. అక్కకి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఎత్తదు. కారు నడిపేటప్పుడు అక్క ఫోను సంచిలో, సంచి డిక్కీలో. అది ఆవిడ పట్టిన పట్టు. మేస్త్రి ఒక గొట్టం ముక్క, నాలుగు క్లాంపులు, బ్లేడు, స్క్రూడ్రైవరు సంచిలో పడేసుకుని స్కూటరు దగ్గరికి పరిగెత్తాడు.

"ఎక్కడికండీ?"

"అక్క కారు... పెట్రోలు కారుతోందేమో!"

"మీరేగా బ్రహ్మాండం అన్నారు?"

ఆయన స్కూటరు స్టార్టు చేశాడు. ఆవిడ ఆయన మొహం చూసి, మరో మాట లేకుండా చెప్పులేసుకుని వెనక ఎక్కి కూర్చుంది.

స్కూటరు ఊరు దాటింది. ఆ తర్వాత మేస్త్రి ఉండబట్టలేక చెప్పేశాడు. వెనక్కి తిరగకుండా, గాలిలోకి, అరిచి అరిచి చెప్పాడు. గాలికి సగం మాటలు ఎగిరిపోతుంటే మళ్ళీ చెప్పాల్సొచ్చింది. మనసులో మాట గుసగుసగా చెప్పుకోవచ్చు గాని, కేకలేసి చెప్పడం ఎంత కష్టమో!

"నాకు వాసన తెలియట్లేదే!"

"ఏంటీ?"

"వాసన! తెలియట్లేదు! చలికాలంలో జలుబు చేసింది చూడు, అప్పట్నుంచి!"

"మరి బండ్లన్నీ ఎలా చూస్తున్నారు?"

"నిన్ను చూసి!"

"నన్నా?"

"నీ మొహం చూసి! నువ్వు ముక్కు ముడిస్తే కారుతున్నట్టు! లేకపోతే లేనట్టు!"

 మేస్త్రి అద్దంలో చూడబోయాడు. అద్దంలో ఆవిడ భుజమే కనబడింది. ఇన్నాళ్ళుగా రోజుకి పదిసార్లు చదివిన మొహం, సరిగ్గా చదవాల్సిన వేళకి ఆయనకి అందలేదు.

"అయితే... ఆ టీలన్నీ..." అంది ఆవిడ చాలాసేపటికి. అడగలేదు, తనలో తనే అనుకున్నట్టు అంది. అప్పటిదాకా ఆయన భుజం మీదున్న చెయ్యి తీసేసి, వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుంది.

అదృష్టం బాగుండి వంతెన దగ్గర రోడ్డు పనులు జరుగుతున్నాయి. ఒకవైపు బండ్లని ఆపి ఇంకోవైపువి వదులుతున్నారు. ఆగిన వరసలో మీగడ రంగు కారు కనబడింది. కిటికీలు నాలుగూ బార్లా తీసి ఉన్నాయి. ఇంజను నడుస్తూనే ఉంది. పక్కనున్న లారీ డ్రైవరు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని కిందికి వంగి అరుస్తున్నాడు.

"అమ్మా, మీ బండి పెట్రోలు కంపు కొడుతోందమ్మా!"

"మా తమ్ముడు ఇప్పుడే చూసి పంపాడు బాబూ! వాడి ముక్కంటే ముక్కే, తప్పే ప్రశ్నే లేదు" అంటోంది అక్క, లోపల్నుంచి అంతకన్నా గట్టిగా.

మేస్త్రి స్కూటరు పడేసినంత పని చేసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది.

"అందరూ దిగండి!"

టోపీలు దిగాయి. అక్క దిగింది. లారీ డ్రైవరు కూడా దిగొచ్చి ఒక చెయ్యేశాడు. అందరూ కలిసి కారుని పక్కన చెట్టునీడలోకి నెట్టారు. బానెట్ లేపి సెగ తగ్గేదాకా ఆగడం మేస్త్రికి యుగంలా గడిచింది. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి కట్టుకోబోయి, సిగ్గుపడి విప్పేశాడు. జేబులోంచి ఉతికిన తెల్ల రుమాలు తీసి, గొట్టం పొడుగునా మెల్లగా తుడుచుకుంటూ పోయాడు. పంపు దగ్గర రుమాలు పొడిగానే ఉంది. ఫిల్టరు దగ్గరా అంతే. పై చివర, ఇంజనుకి పెట్రోలు అందించే కార్బొరేటరుకి అతుక్కునే చోట, రుమాలు వేళ్ళకి తడిగా అంటుకుంది. గొట్టం వంచి చూస్తే క్లాంపు అంచునే రబ్బరు చుట్టూ సన్నటి పగుళ్ళు, క్లాంపు కొరికిన గాడి. దానికి జానెడు కిందే నిప్పులు కక్కే పొగగొట్టం.  బంపరు పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

"కారుతోందా?" అంది అక్క.

"కారుతోందక్కా."

"మరి బావుందన్నావేంట్రా?"

చెప్పాడు. ఈసారి కేకలెయ్యలేదు. తల దించుకుని, ముగ్గురు ఆడవాళ్ళూ ఒక లారీ డ్రైవరూ వింటుండగా, ముక్కు మేస్త్రికి ముక్కు పనిచేయట్లేదని చెప్పాడు. పరువు పోతే పోయింది, అక్క ఉంది కదా అనుకున్నాడు.

 అక్క తమ్ముడి చెవి పట్టుకుని, చిన్నప్పుడు మెలిపెట్టినట్టే మెలిపెట్టింది.

"ఒరేయ్ గాడిదా! నీ షెడ్డులోనే నాకు వాసనొచ్చిందిరా. అనబోయాను కూడా. నువ్వు బ్రహ్మాండం అన్నాక నేనెవర్ని అనడానికి? షెడ్డు కంపేమో అనుకున్నా. దారి పొడుగునా వస్తూనే ఉంది. నువ్వు చూశావన్న ధైర్యంతో కిటికీలు తీసుకుని పాటలు పాడుకుంటూ వచ్చాం. లక్షణంగా ఉన్న మూడు ముక్కులు మోసుకుంటూ, చచ్చిన నీ ముక్కుని నమ్ముకుని కూర్చున్నాం!"

టోపీల్లో ఒకావిడ ఫక్కున నవ్వింది. రెండో ఆవిడ ఏడవబోయి నవ్వేసింది. లారీ డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. మేస్త్రి భార్య మాత్రం నవ్వలేదు. దూరంగా స్కూటరు పక్కన నిలబడి, ఎటో చూస్తోంది. ఆ కమ్మలు ఎండకి మెరుస్తున్నాయి. మేస్త్రి గొట్టం మారుస్తున్నాడు, అటు చూడలేదు.

కొత్త గొట్టం చివర తిన్నగా కోసి, కార్బొరేటరు మొన మీది ఉబ్బు దాటేదాకా తొడిగాడు. క్లాంపుని అంచు మీద కాకుండా కాస్త లోపలికి పెట్టి, రబ్బరు కదలకుండా పట్టుకునేంత వరకే బిగించి ఆపాడు. బండి స్టార్టు చేసి చాలాసేపు నడవనిచ్చి, రుమాలు పొడి కొసతో మళ్ళీ తుడిచాడు. పొడిగానే ఉంది. అయినా మనసొప్పలేదు.

"అన్నా, నీ ముక్కోసారి ఇటు పెడతావా?" అన్నాడు లారీ డ్రైవరుతో.

లారీ డ్రైవరు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం మేస్త్రి లాగే వంగి పీల్చాడు. "బ్రహ్మాండం!" అన్నాడు. ఈసారి మేస్త్రి కూడా నవ్వాడు. అక్క కారెక్కుతూ మరదలి వైపు చూసి, "ఇంటికెళ్ళాక వీణ్ణి నువ్వు కూడా ఒక పట్టు పట్టమ్మా" అని కన్నుగీటి వెళ్ళిపోయింది.

ఆవిడ ఇంటిదాకా ఆగలేదు. సగం దారిలోనే, వెనకనుంచి, నెమ్మదిగా అంది. ఈసారి ప్రతి మాటా వినబడింది.

"చెప్పుంటే నేనే వచ్చి నిలబడేదాన్ని కదండీ. బండి బండికీ వచ్చి వాసన చూసి చెప్పేదాన్ని. నాకేం బరువా?"

"పరువు పోతుందనే..."

"నా దగ్గర కూడానా?"

ఆయన స్కూటరు వేగం తగ్గించాడు.

"పెళ్ళినాడు బానెట్ చూశారు. పోనీలే అనుకున్నా. ఇన్నేళ్ళకి నా మొహం చూస్తున్నారని మురిసిపోయాను. పిచ్చిదాన్ని. చెల్లెలికి ఫోను చేసి కూడా చెప్పుకున్నా." ఆవిడ గొంతు జలుబుతోనే బొంగురుపోయిందో, మరి దేనితోనో. "అప్పుడూ చూసింది బండినే. ఇప్పుడూ బండినే."

 ఇల్లు రావడం, ఆవిడ దిగి లోపలికి పోవడం జరిగిపోయాయి.

మర్నాడు పొద్దున షెడ్డు బల్ల మీద ఒక ఫ్లాస్కు కనబడింది. దాని నిండా టీ. పక్కన ఒక కప్పు. "బానెట్ లేపినప్పుడల్లా పోసుకోండి" అని కిటికీలోంచి ఒక మాట, అంతే. కిటికీ రెక్క దగ్గరికేసుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మేస్త్రి భయపడ్డట్టు కొంపేమీ మునగలేదు. అక్క నోట్లో మాట ఆగుతుందా? ఆవిడ సముద్రం ఒడ్డు నుంచే అందరికీ ఫోన్లు చేసింది, తిరిగొచ్చేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. టాక్సీవాడు వచ్చి, "మేస్త్రీ, ఇకనుంచి నిన్ను రుమాలు మేస్త్రీ అనాలా?" అని వేళాకోళమాడాడు గాని, బండి మాత్రం అక్కడే వదిలి పోయాడు. మేస్త్రి ఇప్పుడు గొట్టం గొట్టాన్నీ వేళ్ళతో నొక్కి, వంచి, పగుళ్ళు వెతుకుతున్నాడు. ప్రతి క్లాంపు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూస్తున్నాడు. చివర్న బండి యజమానినే పిలిచి, "ఓసారి మీరూ వాసన చూడండి. నన్ను నమ్మకండి" అంటున్నాడు. పని కాస్త నిదానమైంది. పోయిన పరువైతే ఏమీ లేదు. ఇంత మాత్రానికా చలికాలం నుంచి నోరు కట్టేసుకున్నాను అనుకున్నాడు.

పోయింది మరొకటి. అదేంటో ఆయనకి ఫ్లాస్కు టీ తాగుతుంటే తెలిసింది.

కప్పు పోసుకున్నాడు. తాగాడు. వేడినీళ్ళలా ఉంది. సగం తాగి పక్కన పెట్టేశాడు. మధ్యాహ్నం ఇంకో కప్పు పోసుకున్నాడు. అదీ అంతే. ఆవిడ టీలో ఏదో తగ్గించిందేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. తగ్గించడానికేముంది? చలికాలం నుంచీ ఆయనకి టీ రుచి తెలిసిందెప్పుడు? చచ్చు నాలుకకి ఏ టీ అయినా వేడినీళ్ళే. మరి అన్ని కప్పులు ఎలా తాగాడు? మొదట్లో ఆ ముక్కు కోసమే పిలిచాడు, అబద్ధమెందుకు. కాని తర్వాత తర్వాత, బండి బావుందని తేలిపోయాక కూడా, ఆవిడ చెప్పే పక్కింటి పిల్లి కబుర్లు వింటూ కప్పు చల్లారేదాకా నిలబడలేదూ? బండి రాని పూట కిటికీ వైపు చూడలేదూ? ఆ మాట ఆయన తనకి తానే ఇంతవరకూ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుంటే గుండెలో కలుక్కుమంది.

ఫ్లాస్కు రోజులు కొన్ని గడిచాయి. ఆవిడ జలుబు తగ్గింది. మాటలు మామూలుగానే ఉన్నాయి. అన్నం వడ్డిస్తోంది, ఆదివారం చెల్లెలితో ఫోనులో నవ్వుతోంది. కిటికీ రెక్క మాత్రం తెరుచుకోలేదు.

ఒక సాయంత్రం మేస్త్రి షెడ్డులో ఉన్న ఆఖరి కారు పని పూర్తిచేసి పంపించేశాడు. స్పానర్లన్నీ తుడిచి గోడకి తగిలించాడు. ఫ్లాస్కులో మిగిలిన టీ పారబోసి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, వంటింటి గుమ్మం మీద బోర్లించాడు. చేతులు సబ్బుతో ఒకటికి రెండుసార్లు రుద్దుకున్నాడు. షెడ్డు మధ్యలో, ఖాళీ చోట నిలబడ్డాడు. పెళ్ళినాడు కూడా ఆయనకి ఇంత బెరుకు లేదు.

"ఏమేవ్, టీ!"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి కిటికీ అవతల్నుంచి గొంతు వచ్చింది.

"ఏ కారొచ్చింది?"

"ఏ కారూ రాలేదు."

 మేస్త్రి అలాగే నిలబడ్డాడు. గోడ మీద స్పానర్లని ఓసారి సర్దాడు, అవి సర్దే ఉన్నాయి. చివరికి లోపల పొయ్యి వెలిగించిన చప్పుడు వినబడింది. ఇంకాసేపటికి ఆవిడ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, షెడ్డంతా ఒకసారి కలియజూసింది. నిజంగానే ఖాళీ. ఒక్క బానెట్ కూడా లేదు.

ఆయన కప్పందుకుని ఆవిడ మొహంలోకి చూశాడు. నుదురు దగ్గర నెరిసిన వెంట్రుకలు చూశాడు. కళ్ళు చూశాడు. చెవుల దగ్గర ఏదో నీలంగా మెరిస్తే అక్కడ ఆగిపోయాడు.

"ఆ కమ్మలెప్పుడు పెట్టుకున్నావే?"

"చలికాలం నుంచీ పెట్టుకుంటున్నాను" అంది ఆవిడ.